పెరటి నిలుపుగోడ వ్యవసాయ శాస్త్రానికి పరాయిది కాదు

కడప జిల్లాలో ఈశాన్య రుతుపవన వర్షాలు వెలిసిన తరువాత ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల శివారు వీధులలో నడచి చూసినవారికి ఒక దృశ్యం పరిచితమే. పెరటి మట్టి జారకుండా కట్టిన గోడ నడుమ పొట్ట ఉబ్బి ఉంటుంది. లేదా మొత్తంగా వీధివైపు ఒరిగి ఉంటుంది. లేదా కూలిన రాళ్ల మీదుగా పెరటి మట్టి, దానితోపాటు ఒక కరివేపాకు మొక్క, పక్క కాలువలోకి జారి ఉంటుంది. ఇంటి యజమాని బేల్దారిని నిందిస్తాడు. సిమెంటు పాలు తగ్గించమన్నది యజమానే కదా అని బేల్దారి అంటాడు. తిరిగి కట్టేటప్పుడు ఇద్దరూ కలిసి ఒకే నిర్ణయానికి వస్తారు: ఈసారి సిమెంటు ఎక్కువ వేయాలి. కొన్నేళ్లకు అదే గోడ అదే చోట మళ్లీ ఉబ్బుతుంది.

ఇటువంటి గోడను ఇంజనీర్లు రిటైనింగ్ వాల్ అంటారు. ఈ వ్యాసంలో దానిని నిలుపుగోడ అని వ్యవహరిస్తాను. దీని గురించి మన విశ్వవిద్యాలయ బోధనలో గాని, విస్తరణ కార్యక్రమాలలో గాని చోటు దాదాపు లేదు. పొలంలో గట్టు వేయడం మన విషయం, పెరట్లో గోడ కట్టడం బేల్దారి విషయం అన్న విభజన ఎప్పుడో స్థిరపడిపోయింది. ఆ విభజన సరికాదని నా అభిప్రాయం. నిలుపుగోడను పడగొట్టేది రాతి బలహీనత కాదు, గోడ వెనుక మట్టిలో చేరి బయటికి దారి దొరకని నీరు. మట్టిలో నీరు ఎలా చేరుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఏ నేల ఎంత ఉబ్బుతుంది, ఏ వేరు ఎక్కడికి పోతుంది అన్నవి మనం ప్రతి సంవత్సరం తరగతిలో చెప్పే పాఠాలే. ఆ పాఠాలు పెరటి గోడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నవి.

మూడు పట్టణాలలో అవసరం మూడు రకాలుగా ఉన్నది. ప్రొద్దుటూరు పెన్నా ఒడ్డున, చాలావరకు చదునైన నల్లరేగడి మీద ఉన్న ఊరు. ఇక్కడ వాలు సహజంగా లేదు, మనం తెచ్చిపెట్టుకున్నదే. వీధి నీరు ఇంట్లోకి రాకుండా స్థలాన్ని రెండు నుంచి నాలుగు అడుగుల ఎత్తు వరకు బయటి మట్టితో నింపుతారు. ఆ నింపుడు మట్టి అంచున గోడ కావలసి వస్తుంది. జమ్మలమడుగులో పెన్నావైపు దిగే వాలు, నాపరాతి పొరలు పైకి తేలిన చోట్లు, వాటి మధ్య రేగడి కలగలిసి ఉంటాయి. పులివెందుల వైపు కొండపాదాల ఎర్రనేలలు, లోతు తక్కువ, కింద రాయి. చీనీ, అరటి తోటల మధ్య ఇల్లు కట్టుకున్నవారు పెరటిని మెట్లు మెట్లుగా చేసుకోక తప్పదు. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్లే. కాని దానిలో పెద్ద భాగం కొద్ది రోజులలో, కొన్ని గంటలలో కురుస్తుంది. గోడకు సంబంధించినంత వరకు ఏడాది సగటు నిరుపయోగమైన అంకె; ఒక్క రాత్రి కురిసినదే లెక్క.

ఈ లెక్కను ఒకసారి అంకెలలో చూడటం అవసరం. విద్యార్థులు దీనిని నోట్‌బుక్‌లో తామే వేసి చూసుకోవచ్చు. ఘనమీటరుకు 1800 కిలోల బరువున్న, ఇసుక పాలు బాగా ఉన్న ఎర్రమట్టి ఒక మీటరు ఎత్తు గోడ వెనుక ఉన్నదనుకుందాం. నీరు నిలవనప్పుడు ఆ మట్టి తన నిలువు బరువులో సుమారు మూడో వంతును పక్కకు నెట్టుడుగా చూపుతుంది. గోడ పొడవున ప్రతి మీటరు మీద ఆ నెట్టుడు సుమారు 300 కిలోలు. ఇప్పుడు అదే మట్టి పైవరకు నీటితో నిండి, ఆ నీరు బయటకు పోలేదనుకుందాం. నీటిలో మునిగిన మట్టి బరువు సగానికి తగ్గుతుంది కనుక మట్టి నెట్టుడు 150 కిలోలకు పడిపోతుంది. కాని నీరు తన బరువులో మూడో వంతుతో తృప్తిపడదు. పూర్తి బరువుతో పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడు 500 కిలోలు. రెండూ కలిపి 650. మట్టి మారలేదు, గోడ మారలేదు, ఎత్తు మారలేదు. భారం మాత్రం రెండింతలు దాటింది.

ఇక గోడ వైపు చూద్దాం. అడుగున 60 సెంటీమీటర్లు, పైన 30 సెంటీమీటర్లు మందం ఉన్న పొడిరాతి గోడ, అంటే సిమెంటు గాని బురద గాని లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ, సందులు పోగా మీటరు పొడవుకు సుమారు 850 కిలోలు తూగుతుంది. పునాది దగ్గర రాపిడి గుణకం 0.55 అనుకుంటే అది దాదాపు 470 కిలోల నెట్టుడు వరకు జారకుండా నిలుస్తుంది. నీరు పోయే నేలలో 300 కిలోలకు ఇది చాలినదే. అదే కొలతలతో సిమెంటు కట్టుబడి చేస్తే సందులు నిండి బరువు వెయ్యి కిలోలు దాటుతుంది, నిలుపు శక్తి 570 కిలోలకు పెరుగుతుంది. మెరుగే. అయితే సందులన్నీ మూసుకుపోయిన ఆ గోడే నీటిని ఆపి, తన మీదికి వచ్చే భారాన్ని 650 కిలోలకు పెంచుకుంటుంది. పొడిరాతి గోడకు ఆ 650 కిలోల పరిస్థితి సాధారణంగా రాదు, ఎందుకంటే నీరు సందులలో నుంచే కారిపోతుంది. సిమెంటు ఎక్కువ వేయాలన్న నిర్ణయం తిరిగి తిరిగి ఎందుకు విఫలమవుతున్నదో ఈ రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఎత్తు విషయంలో ఇంకొక మాట. నెట్టుడు ఎత్తు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. మీటరుకు 300 కిలోలైతే రెండు మీటర్లకు 600 కాదు, 1200. గోడను తిరగదోసే బలం అయితే ఎనిమిది రెట్లవుతుంది. మూడున్నర అడుగుల గోడ బాగా నిలిచిందన్న ధైర్యంతో అదే పద్ధతిలో ఏడు అడుగులు కట్టడం ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటివారు, స్థానిక బేల్దారి కలిసి కట్టుకునే గోడకు నాలుగు అడుగులను హద్దుగా పెట్టుకోవాలి. అంతకు మించిన ఎత్తు కావలసినప్పుడు ఇంజనీరును పిలవాలి, లేదా రెండు మెట్లుగా విడగొట్టాలి. రెండో మెట్టు గోడ మొదటి దానికి ఆనుకొని ఉంటే ఉపయోగం లేదు. కింది గోడ ఎత్తుకు కనీసం రెండింతల దూరం వెనక్కు జరగాలి.

పైన వేసిన లెక్క ఎర్రనేలది. నల్లరేగడికి అది వర్తించదు. రేగడి లెక్క ఇంకా కఠినమైనది. స్మెక్టైట్ జాతి బంకమన్ను నీరు తాగి ఉబ్బుతుంది, ఎండి కుంచించుకుపోతుంది. కదలనీయకుండా బంధించిన రేగడి ఉబ్బేటప్పుడు చదరపు మీటరుకు టన్నుల లెక్కన ఒత్తిడి చూపుతుంది. మీటరు ఎత్తు రాతిగోడ ఎంత లావుగా కట్టినా ఆ ఒత్తిడిని ఎదిరించి గెలవదు. వేసవిలో ఇంకొకటి జరుగుతుంది. రేగడి కుంచించుకొని గోడ వెనుక నుంచి విడిపోయి, అరచేయి దూరేంత పగులు గోడ పొడవునా తెరుచుకుంటుంది. తొలి వానకు మొదట నిండేది ఆ పగులే. పైనుంచి చూస్తే నేల ఇంకా పొడిగానే కనిపిస్తుంది. గోడ వెనుక మాత్రం అడుగు దాకా నీటి పలక నిలబడి ఉంటుంది. వర్షం మొదలైన గంటలోనే గోడ ఒరిగిందని జనం చెప్పే మాటలో అతిశయోక్తి లేదు.

మృత్తికా సంరక్షణ చదివినవారికి ఈ సమస్య కొత్తది కాకూడదు. లోతైన నల్లరేగడి నేలల్లో సమతల గట్లు, అంటే కాంటూరు గట్లు, వేయరాదని మనమే బోధిస్తాము. గట్టు వెనుక నీరు నిలిచి పైరు ఉరకెత్తుతుంది. ఎండిన గట్టు పగుళ్ల గుండా నీరు దారి చేసుకొని గట్టు తెగుతుంది. అందుకే రేగడికి కొద్దిపాటి వాలుతో నీటిని మెల్లగా బయటకు నడిపే వాలు గట్లను సిఫారసు చేస్తాము. 1954లో బళ్లారిలో మృత్తికా సంరక్షణ పరిశోధన కేంద్రం స్థాపించినది ఇటువంటి మెట్ట రేగడి నేలల కోసమే. నీటిని ఆపి గెలవలేని చోట దానికి దారి చూపాలన్న సూత్రం మన శాఖకు ఇంత పాతది. ఆ సూత్రం తెలిసిన శాస్త్రవేత్త ఇంటి పెరట్లో కూడా తూము లేని సిమెంటు గోడ ఉండటం నేను చూడని విషయమేమీ కాదు. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు వచ్చిన నీటికీ పోగలిగిన నీటికీ మధ్య తేడా ఏమి చేస్తుందో జిల్లా అంతా చూసింది. పెరటి గోడ దానితో పోల్చదగినది కాదు, కాని భౌతిక సూత్రం రెండింటికీ ఒక్కటే.

రాయి సంగతికి వద్దాం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, మైలవరం ప్రాంతాల నాపరాయి దేశమంతటా కడప బండగా పేరుపొందినది. భూవిజ్ఞానులు నార్జీ సున్నపురాయి అని పిలిచే పొర అది. పొరలు పొరలుగా, చదునైన ముఖాలతో ఊడివస్తుంది. పొడిరాతి గోడకు ఇంతకంటె అనుకూలమైన రాయి అరుదు. గుండ్రాళ్లతో కుస్తీపట్టే ఇతర ప్రాంతాల బేల్దారులు దీనిని చూస్తే అసూయపడతారు. పైగా గనుల దగ్గర, బండల కోత, పాలిషు యూనిట్ల చుట్టూ అమ్ముడుపోని ముక్కల కుప్పలు పేరుకుపోయి ఉన్నవి. గోడకు కావలసినది సరిగ్గా ఆ ముక్కలే. నున్నని పెద్ద బండ గోడకు అనవసరం.

చిత్రమేమిటంటే ఈ రాయి సమృద్ధే ఇక్కడి ప్రధాన దోషానికి కారణమైనది. ఈ ప్రాంతంలో నాపబండలను నిలువుగా పాతి ప్రహరీ చేయడం ఆచారం. పశువులు రాకుండా, స్థలం హద్దు తెలియడానికి అది చౌకైన, చక్కని ఏర్పాటు. అయితే ఆ ప్రహరీకే లోపలివైపు మట్టి నింపి దానిని నిలుపుగోడగా మార్చడం మూడు పట్టణాలలోనూ జరుగుతున్నది. రెండు అంగుళాల మందం, మీటరు ఎత్తు ఉన్న బండ మీటరు పొడవుకు సుమారు 130 కిలోలు తూగుతుంది. దాని వెనుక పొడిగా ఉన్న ఎర్రమట్టి దానిని తిరగదోయడానికి చూపే బలం సుమారు 100 కిలోగ్రాము-మీటర్లు. బండ తన బరువుతో ఇచ్చే ఎదురు బలం మూడు కిలోగ్రాము-మీటర్లు మాత్రమే. మిగతా 97 నేలలో పాతిన అడుగు భాగం చుట్టూ ఉన్న మట్టి మీద పడుతుంది. వానకు మొదట మెత్తబడేది ఆ మట్టే. మంచి బండ విరగకపోవచ్చు. పలకలా నిటారుగా వచ్చి వీధిలో పడుతుంది. వీధిలో పిల్లలు ఆడుకుంటారు. నిలువు బండల ప్రహరీకి అడుగుకు మించి మట్టి నింపరాదన్న ఒక్క మాటను విస్తరణ సిబ్బంది ఊరూరా చెప్పగలిగినా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్లే.

పొడిరాతి గోడ ఎలా కట్టాలో వివరంగా చెప్పడానికి భారతీయ ప్రమాణమే ఉన్నది. కొండ ప్రాంతాల నిలుపుగోడల కోసం 1990ల చివరలో వెలువడిన ఐఎస్ 14458లో మూడో భాగం పూర్తిగా పొడిరాతి గోడల నిర్మాణానికే కేటాయించారు. దానిని కొండలకే పరిమితమని పక్కన పెట్టనవసరం లేదు. మన పరిస్థితికి కొన్ని అంశాలు మాత్రం నొక్కి చెప్పదలచాను.

అడుగు మందం ఎత్తులో సగానికి తగ్గరాదు. రేగడిలో ఇంకా ఎక్కువ ఉండాలి. బయటి ముఖం అడుగు ఎత్తుకు రెండు అంగుళాల చొప్పున లోపలికి వాలాలి, మిగతా తగ్గింపు వెనుకవైపు మెట్లుగా రావాలి. ప్రతి వరుస రాళ్లు పెరటివైపు కొద్దిగా కిందికి వంగి ఉండాలి. నాపరాయి ముఖం నున్నన కనుక ఈ వంపు విషయంలో అశ్రద్ధ పనికిరాదు. వరుస వీధివైపు వాలితే పై రాయి కింది రాయి మీద జారుతుంది. రాయి పొడవు గోడ లోపలికి పోవాలి. మన బేల్దారులు అందం కోసం పొడవాటి ముఖాన్ని బయటికి పెడతారు. ముఖం బాగుంటుంది, గోడకు వెన్ను ఉండదు. మూడు నాలుగు అడుగులకు ఒకసారి మందం మొత్తాన్ని అడ్డంగా దాటే పొడవు రాయి వేయాలి. నిలువు అతుకులు ఒకదానిపై ఒకటి రాకూడదన్నది ఏ బేల్దారికైనా తెలిసినదే, చెప్పనక్కరలేదు.

గోడ వెనుక కనీసం అడుగు వెడల్పున రాతి ముక్కలు, చిప్పలు పోయాలి. గోడ ఎత్తుతోపాటే ఈ పూరింపు పెరగాలి. గోడ పూర్తయ్యాక ట్రాక్టరుతో మట్టిని ఒక్కసారి వెనుక దింపడం గోడకు మొదటి దెబ్బ. చిప్పలకూ మట్టికీ మధ్య వడపోత లేకపోతే ఎర్రమట్టి సన్నని రేణువులు రెండు మూడు వానలకే సందులు పూడ్చివేస్తాయి. జియోటెక్స్‌టైల్ వస్త్రం దొరికితే మంచిది. లేకపోతే ముతక ఇసుక, సన్న కంకర కలిపిన జానెడు పొర చాలు. రేగడిలో అయితే గోడ వెనుక రెండు మూడు అడుగుల వరకు ఆ మట్టిని తీసివేసి, ఉబ్బని ఎర్ర మొరంతో నింపడం ఉత్తమం. పునాది కింద కూడా మొరం పరుపు వేయాలి. పైన అర అడుగు మందాన సాధారణ మట్టి కప్పి, నేల వాలును గోడ నుంచి దూరంగా పోయేటట్లు సరిచేస్తే వాన నీటిలో సగం అసలు గోడ వెనుకకే చేరదు.

సిమెంటు గోడ ఎక్కడా వద్దని నేను అనడం లేదు. పక్కన వాహనాలు తిరిగే సందులోను, మందానికి చోటు లేని హద్దు మీద, ఇంటి గోడకు ఆనుకొని ఉన్నప్పుడు సిమెంటు కట్టుబడి తప్పదు. అటువంటి చోట అడుగున, నడుమ నీరు కారే తూములు వదలాలి. వాటి వెనుక కంకర పోయాలి. కంకర లేని తూము మొదటి ఏడే పూడిపోతుంది, ఆ తరువాత అది అలంకారమే. తూముల నుంచి వీధిలోకి మురికి నీరు కారుతుందని ఇంటివారు వాటికి సిమెంటు పూసి మూసివేయడం కూడా చూస్తుంటాము. ఆ పూత గోడ ఆయుష్షును ఎంత తగ్గించిందో వారికి తెలియదు.

పొడిరాతి గోడ మీద ఇళ్లలో వినిపించే మొదటి అభ్యంతరం ఇంజనీరింగుకు సంబంధించినది కాదు. పాములు, తేళ్లు చేరతాయంటారు. ఈ అభ్యంతరాన్ని మూఢభయంగా కొట్టివేయడం విస్తరణ శాస్త్రవేత్తకు తగదు. సందులున్న చోట తేళ్లు చేరడం నిజం. ఎలుకలుంటే పాము రావడమూ నిజమే. బయటి ముఖంలోని సందులకు చిప్పలు బిగించి కొట్టాలి. గింజలు, పశువుల దాణా గోడ దగ్గర నిలవచేయరాదు. ఇంటి వాకిలికి, పిల్లలు ఆడే చోటుకు దగ్గరలో ఉన్న భాగంలో పై వరుసలకు సున్నం పూసి, కింది వరుసలు మాత్రం కారడానికి వదలవచ్చు. ఇంత చేసినా ఇష్టపడని ఇల్లాలు ఉంటే ఆమెకు తూములున్న సిమెంటు గోడే సూచించాలి. గోడతో రోజూ కాపురం చేసేది ఆమె.

మొక్కల విషయంలో మన మాటకు విలువ ఉన్నది. ఇక్కడ ఇంజనీరు చెప్పగలిగినది తక్కువ. గోడకు నాలుగైదు అడుగుల లోపల వేప, రావి, మునగ వంటివి పెంచరాదు. రావి మొలకను చేతితో లాగగలిగిన దశలోనే తీసివేయాలి. గోడ అంచున గడ్డి జాతులు, ముఖ్యంగా వట్టివేరు, మేలు చేస్తాయి. వాటి పీచువేళ్లు నిటారుగా దిగి మట్టిని పట్టి ఉంచుతాయి, రాళ్లను తొలగించవు. అరటి నీరు ఎక్కువ కోరుతుంది కనుక గోడ అంచు దానికి తగిన చోటు కాదు. బిందు సేద్యం పైపు గోడ వెంబడి వేసినప్పుడు ఒక్క డ్రిప్పరు ఊడినా చాలు, రాత్రంతా కారిన నీరు చిన్న వానతో సమానం. పెరటి తోటలలో ఊడిన డ్రిప్పరును వారాల తరబడి ఎవరూ చూడరు.

నాపరాయి వాడకంలో ఒక జాగ్రత్త ఉన్నది. పెద్ద ముక్కలు మెల్లగా కరుగుతాయి, వాటితో ఇబ్బంది లేదు. పాలిషు యూనిట్ల నుంచి వచ్చే బూడిదరంగు మెత్తని పొడి మాత్రం ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు. ఉచితంగా దొరుకుతుందని దానిని గోడ వెనుక నింపితే రెండు నష్టాలు. ఒకటి, అది తడిసి గడ్డకట్టి నీటి దారి మూసివేస్తుంది. రెండు, అసలే సున్నం పాలు ఉన్న మన నేలల్లో ఇనుము అందకుండా చేస్తుంది. పెరట్లో నిమ్మ, చీనీ లేత ఆకులు ఈనెలు పచ్చగా, నడుమ పసుపుగా మారితే, ఇనుప ధాతువు పిచికారీ చేయమని చెప్పే ముందు గోడ వెనుక ఏమి నింపారో అడగాలి.

పులివెందుల ప్రాంతానికి మరొక జాగ్రత్త ప్రత్యేకం. అక్కడి వేంపల్లె డోలమైటు పొరలలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఈనెలుగా ఉన్నది. బ్రాహ్మణపల్లె వంటి చోట్ల పూర్వం దానిని తవ్వి తీశారు. పాత తవ్వకాల దిబ్బల నుంచి గోడకు రాయి తెచ్చుకోవడం ఎంత మాత్రం తగదు. రాతిలో ఆకుపచ్చ పొరల నడుమ పట్టుదారంలా విడివడే తెల్లని ఈనె కనిపిస్తే ఆ రాతిని పగలగొట్టరాదు, ఇంటికి తేరాదు. ఆ నార దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే వచ్చే వ్యాధులు దశాబ్దాల తరువాత బయటపడతాయి. గోడ కోసం సుత్తితో రాయి పగలగొట్టే కూలీకి ఇది అందరికంటె ముందు తెలియాలి. ఆ ప్రాంతంలో గోడకు క్వార్ట్‌జైట్ రాయి దొరుకుతుంది. పని కష్టమైనా అది నిలుస్తుంది, నేలలో సున్నమూ పెంచదు.

చివరగా పనివారి సంగతి. రాయలసీమలో రాతిపని వడ్డెర కుటుంబాలలో తరతరాలుగా వచ్చిన విద్య. రాయిని చేతిలో తిప్పి చూసి దాని పొర ఎటు ఉన్నదో చెప్పగల పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారి పిల్లలు గనుల్లో యంత్రాల మీద, నగరాల్లో అపార్ట్‌మెంటు పనుల్లో ఉన్నారు. సిమెంటు గోడకు రోజు కూలి దొరుకుతున్నప్పుడు పొడిరాతి పనికి అడిగేవారే లేకపోతే ఆ విద్య నిలవమంటే ఎలా నిలుస్తుంది? 2018లో యునెస్కో ఐరోపాలోని ఎనిమిది దేశాల పొడిరాతి నిర్మాణ విద్యను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2011లో ఇథియోపియాలోని కొన్సో ప్రజల రాతి మెట్ల పొలాలు ప్రపంచ వారసత్వ స్థలమైనవి. అక్కడి గోడలు కొన్ని చోట్ల అయిదు మీటర్ల ఎత్తు ఉంటాయి. మన వారికి గుర్తింపు పత్రం కంటె పని ముఖ్యం. 1995 నుంచి అమలైన వాటర్‌షెడ్ పథకాలలో వాగులకు అడ్డంగా రాతి కట్టలు వేసినప్పుడు ఈ కుటుంబాలకు కొంత పని దొరికింది. ఆ అనుభవం పెరటి గోడల దాకా రాలేదు, ఎందుకంటే ఆ రెంటినీ ఒకే పనిగా మనం ఎన్నడూ చూడలేదు.

ఈ స్థితిని మార్చడానికి పెద్ద పథకం అవసరం లేదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో ఉండే మన విద్యార్థులు ఇంటింటి నేల నమూనాలు తీస్తారు, పశువులను లెక్కపెడతారు. దానితోపాటు ఆ ఊరిలో ఒరిగిన గోడలు ఎన్ని, వాటి వెనుక ఏ నేల, తూములున్నవా, నిలువు బండలా పేర్చిన రాయా అని ఒక పుటలో రాయమంటే చాలు. ఏ నేలలో ఏ గోడ నిలిచిందో చెప్పే జాబితా మనకు రెండేళ్లలో తయారవుతుంది. పోషక పెరటి తోటల శిక్షణలో విత్తనాల సంచి ఇచ్చే ముందు పెరటి వాలు, నీటి దారి గురించి అరగంట పాఠం చేర్చవచ్చు.

ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోని ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థ చొరవ తీసుకొని మూడు పట్టణాలలో మూడు చోట్ల ప్రదర్శన గోడలు కట్టించాలని నా సూచన. ఒక్కో చోట మీటరు ఎత్తు, పది మీటర్ల పొడవు. సగం పొడిరాతి, సగం తూములున్న సిమెంటు. కట్టేది వడ్డెర పెద్దలు, పక్కన నేర్చుకునేవారు స్థానిక యువ బేల్దారులు, ఇద్దరికీ కూలి చెల్లించాలి. గోడ ముఖం మీద మేకులు దిగ్గొట్టి, ఎదురుగా స్థిరమైన గుర్తు నుంచి దూరాన్ని ప్రతి వాన తరువాత కొలవాలి. వెనుక మట్టిలో ఒక సన్నని గొట్టం దించితే నీటి మట్టం తెలుస్తుంది. రెండు ఈశాన్య రుతుపవన కాలాల కొలతలు చేతిలో ఉంటే నేను ఇక్కడ వేసిన లెక్కలు ఎంతవరకు నిలుస్తాయో తేలుతుంది. రేగడిలో పొడిరాతి గోడ కూడా ఉబ్బిందని తేలితే అదీ ప్రచురించదగిన ఫలితమే. ప్రొద్దుటూరు గోడకు మార్చి నెల అనుకూలం. అప్పటికి రేగడి ఇంకా గడ్డపారకు లొంగుతుంది, పగుళ్లు తెరుచుకోవడం మొదలై నీరు ఏ దారిన దిగబోతున్నదో కంటికి కనిపిస్తూ ఉంటుంది.